ఎదురుకాళ్ళ వైద్యం

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా అపార్ట్‌మెంట్ డాబా మీద నేను చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించిన భంగిమలో బిగుసుకుపోయిన సంగతి ఈపాటికి వీధి చివరి ఇస్త్రీ బండి దాకా పాకిపోయింది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాసిపెట్టడం మేలనిపించింది.

నాకు సయాటికా ఉంది. నడుము దిగువన నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్యనున్న డిస్కు కాస్త వెనక్కి ఉబ్బి నరం వేరును ఒత్తుతున్నదని స్కాన్ రిపోర్టు చెబుతుంది. పిరుదు నుంచి కాలి పక్కగా దిగి బొటనవేలి దాకా జివ్వున లాగుతుందని నేను చెబుతాను. ఇలాంటివారిని మంచం దిగవద్దనే రోజులు పోయాయి, ఇప్పుడు నడవమనీ కదలమనీ అంటున్నారు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి నాకు మూడు వ్యాయామాలు నేర్పింది. వెన్నెముక మీద పరిశోధించిన కెనడా ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చినవి అవి. వాటిలో ఒకదాని పేరు బర్డ్ డాగ్. చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి, కుడిచేతిని ముందుకూ ఎడమకాలిని వెనక్కూ చాచి, నడుము కిందికి జారకుండా, మెలిక పడకుండా, పది సెకన్లకు మించకుండా నిలబెట్టాలి. కాలు తుంటి ఎత్తు దాటకూడదు. నొప్పి కాలిలోకి ఇంకా కిందికి దిగుతుంటే ఆపేయాలి; కాలిని వదిలి నడుము వైపు వస్తుంటే అది మంచి సూచన. ఇవన్నీ నేను శ్రద్ధగా పాటిస్తున్నవాడినే.

ఇంతలో మా అసోసియేషన్‌వారు నివాసుల ఆరోగ్యం కోసమని ఒక ట్రైనరును కుదిర్చి, ఉదయం ఐదున్నరకు డాబా మీద తరగతి పెట్టించారు. తరగతి మొదలయ్యేదే ముందుకు వంగి కాలివేళ్ళు అందుకోవడంతో. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకొని బిగువుగా ఉంటాయనీ, అందువల్ల లేచిన మొదటి గంటలో అలా పూర్తిగా వంగడం నాబోటివాళ్ళకు మంచిది కాదనీ ఆయనకు వినయంగా మనవి చేశాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే రేపటి నుంచి రాత్రిపూట నీళ్ళు తగ్గించండి సార్" అన్నారు. ఆయన బనియను మీద ‘నో పెయిన్ నో గెయిన్’ అని ఉన్నప్పుడే నాకు అర్థమై ఉండవలసింది. సరే, మీ పని మీరు కానివ్వండని చెప్పి, నీళ్ళ ట్యాంకు పక్కన చాప పరుచుకొని నా బర్డ్ డాగ్ నేను మొదలుపెట్టాను.

ఆయన నన్ను అలా వదిలేయలేదు. వెనకగా వచ్చి, "కాలు ఇంకా పైకి రావాలి సార్" అంటూ, నా ఎడమ చీలమండను పట్టుకొని స్వాతంత్ర్య దినోత్సవం నాడు జెండా ఎగరేసినంత ఉత్సాహంగా పైకి ఎత్తారు. నడుములో ఏదో కలుక్కుమంది. కాలిని కిందికి దించగలిగాను గాని, అక్కడి నుంచి లేవడానికీ లేదు, పడుకోవడానికీ లేదు.

ఆ భంగిమలో ఉన్నవాడికి మనుషుల ముఖాలు కనిపించవు, పాదాలే కనిపిస్తాయి. క్షణాల్లో నా చుట్టూ పాదాలు చేరాయి. నీలం పట్టీల హవాయి చెప్పులు రెండో అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టరుగారివి; అవి వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె రాయమన్నాయి. పసుపు రాసిన మెట్టెల పాదాలు ఉప్పు కాపడం పెట్టమన్నాయి. బొటనవేలి దగ్గర చిల్లు పడిన మేజోళ్ళు అసోసియేషన్ కార్యదర్శిగారివి. అవి ఏ సలహా ఇవ్వకుండా, డాబా మీద జరిగే ప్రమాదాలకు అసోసియేషన్ బాధ్యత వహించదన్న నిబంధనను గుర్తు చేశాయి. ఇలాంటప్పుడు కూర్చునే చోట తిమ్మిరి ఉందా, మూత్రం మీద అదుపు తప్పిందా అన్నవి ముందు అడగవలసిన ప్రశ్నలనీ, అలా ఉంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలనీ ఫిజియో అమ్మాయి చెప్పింది. ఆ రెండు మాత్రం ఎవరూ అడగలేదు. పన్నెండు జతల పాదాల నడుమ అడగకపోవడమే నయమైంది. నాలో నేనే అడుగుకొని, రెండూ లేవని నిర్ధారించుకున్నాను.

అప్పుడు హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకొని, "నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఒక్క తన్ను తంతే చాలు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నలభై ఫ్లాట్లలో ఎదురుకాళ్ళతో పుట్టినవారెవరన్న విచారణ అక్కడికక్కడే మొదలైంది. ఫోన్లు బయటికి వచ్చాయి. ఆదివారం తెల్లవారుజామున కన్నతల్లులను నిద్రలేపి, ‘అమ్మా, నేను తలతో పుట్టానా, కాళ్ళతో పుట్టానా’ అని అడిగే కొడుకులను ఊహించుకోండి. కార్యదర్శిగారి తల్లి తెనాలి నుంచి స్పీకరులో, "నిన్ను ఆపరేషన్ చేసి తీశారు కదరా, దానికయిన అప్పు తీర్చడానికి మీ నాన్నకు రెండేళ్ళు పట్టింది" అంటూ ఆ వడ్డీ లెక్క కూడా చెప్పబోయింది. ట్రైనరుగారు ఈ లోపల తాను ఎలా పుట్టారో చెప్పకుండా, మిగిలినవారి చేత కాలివేళ్ళు అందుకొనే పని కొనసాగిస్తూనే ఉన్నారు.

చివరికి మూడో అంతస్తులో దొరికాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు, పాఠశాల కబడ్డీ జట్టులో రైడరు. వాళ్ళమ్మగారు ధ్రువీకరించారు. వాడు నా తల దగ్గర చతికిలబడి, "ఎంత గట్టిగా తన్నాలి అంకుల్?" అని చాలా మర్యాదగా అడిగాడు. నేను నోరు తెరిచే లోపే హెడ్మాస్టరుగారు "కొద్దిగా పరుగెత్తుకొని రారా బాబూ" అన్నారు. వాడు వెనక్కి నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ట్యాంకు దాటి పిట్టగోడ దాకా వెళ్ళింది. అంత దూరం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ క్షణంలో ఫిజియో అమ్మాయి నేర్పిన పద్ధతి గుర్తుకొచ్చింది. నడుము తిప్పకుండా, భుజమూ తుంటీ ఒకేసారి కలిసి కదిలేలా, నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి, మోకాళ్ళు ముడుచుకొని పడుకున్నాను. ఐదు నిమిషాల తరువాత, అరచేతులు నేలకు నొక్కి లేచి కూర్చున్నాను. డాబా అంతా చప్పట్లు. నాకు కాదు, కుర్రాడికి.

"చూశారా, వాడు తన్నకముందే తగ్గింది" అన్నారు హెడ్మాస్టరుగారు. ఇప్పుడు సాయంత్రమైతే మూడో అంతస్తు మెట్ల మీద నడుము పట్టుకొని ఎక్కేవాళ్ళు కనిపిస్తున్నారు.

లిఫ్టు మరమ్మతులో ఉండగా ఐదంతస్తులు ఎలా దిగానన్నది వదిలేద్దాం. నిన్న వాట్సాప్ గ్రూపులో కార్యదర్శిగారి ప్రకటన వచ్చింది. సకాలంలో స్పందించిన ట్రైనరుకు కృతజ్ఞతలట. ఇకపై నడుము నొప్పి ఉన్నవారు వ్యాయామ తరగతికి రావాలంటే నడుము నొప్పి లేదని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతపరచాలట. ఆ చాపను ఉతికించినందుకు నా వచ్చే నెల మెయింటెనెన్సులో నూట యాభై రూపాయలు కలిపారు. చాప నాదే.