డ్రెస్డెన్ సినగాగ్ గోడ ఎందుకు మెలితిరిగింది

ఆధునిక సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) ఫొటో ఎవరు పెట్టినా కింద రెండే కామెంట్లు: "అద్భుతం", "నక్షత్రం ఏది?" ఆరు మూలల నక్షత్రం ఉండి తీరాలని యూదు ధర్మశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. సినగాగుల మీద దాన్ని విరివిగా పెట్టడం 19వ శతాబ్దంలో బలపడిన అలవాటు. కావలసినవి వేరు: తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్టలు దాచే మందసం, వాటిని విప్పి చదివే బీమా అనే వేదిక, మందసం ముందు ఆరని దీపం, జెరూసలేం వైపు ముఖం. కట్టడం వీటిని ఎలా తీర్చిందో వదిలేసి ప్రతీకల గురించి మాట్లాడితే, గోడకి అంటించిన స్టిక్కర్ గురించి మాట్లాడినట్టే.

జర్మనీలోని డ్రెస్డెన్ చూడండి. గాట్‌ఫ్రీడ్ సెంపర్ 1838–40లో కట్టిన సినగాగ్‌ని 1938 నవంబర్ 9 రాత్రి నాజీలు తగలబెట్టారు. కొత్తది 2001 నవంబర్ 9న ఆ స్థలంలోనే తెరిచారు. స్థలం ఎల్బే నది దగ్గర, ఇరుకుగా పొడుగ్గా ఉంటుంది. దాని అంచు వెంట గోడ లేపితే ముఖం తూర్పుకి రాదు. ఇంకొకరైతే మందసాన్ని లోపల ఓ మూలకి జరిపి సరిపెట్టేవారు. వాండెల్ హోఫర్ లోర్ష్, హిర్ష్ అనే వాస్తుశిల్పుల బృందం మాత్రం ఇసుకరాయి రంగు కాంక్రీటు దిమ్మెల్ని 34 వరసలు పేర్చి, ఒక్కో వరసనీ కింది దానికంటే కాస్త కాస్త తిప్పుకుంటూ పోయింది. అడుగు వరస స్థలం అంచున ఉంటుంది, పై వరస తూర్పుకి తిరిగి ఉంటుంది.

"జెరూసలేం వైపు తిరిగిన గోడ" అని అందరూ రాసేస్తారు గానీ, డ్రెస్డెన్ నుంచి జెరూసలేం ఆగ్నేయంలో ఉంది. యూరప్ యూదుల ఆనవాయితీ తూర్పు. గోడ తిరిగింది దానికోసం. (మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిం అనే యూదు సమాజం వాళ్లయితే పడమటి వైపు తిరగాలి.)

ఈ మెలికకి ఖర్చుంది. ప్రతి గోడా ఒక చివర బయటికి పొడుచుకొస్తుంది, ఇంకో చివర వెనక్కి తగ్గుతుంది. తగ్గిన చోట వరస వరసకీ సన్నటి గట్టు మిగులుతుంది, దాని మీద నీరూ దుమ్మూ నిలిస్తే చారలు కడతాయి. పొడుచుకొచ్చిన చోట అంచు అడుగున నీరు తెగి పడేందుకు గాడి లేకపోతే, అది దిమ్మె కిందుగా పాకి జాయింట్లలోకి దిగుతుంది.

లోపలికి వెళ్తే ఇత్తడి రంగు లోహపు జాలి తెర వేలాడుతుంది. బయట జెరూసలేంలోని పాత రాతి దేవాలయాన్ని, లోపల పూర్వం యూదులు ఎడారిలో మోసుకుతిరిగిన ప్రత్యక్ష గుడారాన్ని తలపిస్తుంది. 1938 మంటల తర్వాత ఒక ఫైర్‌మన్ దాచిపెట్టిన పాత నక్షత్రం గుమ్మం పైన ఉంది. అలాంటి నక్షత్రానికి నాకే అభ్యంతరమూ లేదు.

అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కన ఎల్కిన్స్ పార్క్‌లోని బెత్ షాలోమ్ దారి వేరు. 1959 సెప్టెంబర్‌లో తెరిచారు. గీసిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ ఏప్రిల్‌లోనే పోయారు. వెలిగే సీనాయి కొండ (మోషేకి దేవుడు ధర్మశాస్త్రం ఇచ్చిన చోటు) అని పొగుడుతారు. ఆ ఆకారానికి మూలం ఆయన 1926లో న్యూయార్క్ కోసం గీసిన, ఎన్నడూ కట్టని ఉక్కు కెథీడ్రల్! సీనాయి పేరు తర్వాత వచ్చింది. అక్కడి రబ్బీ (యూదు మతగురువు) మోర్టిమర్ కోహెన్ దానికి యూదు అర్థం కూర్చారు: కప్పు అంచుల మీద ఏడు కొమ్మల దీపవృక్షాలు, గుమ్మం ముందు దేవాలయపు గంగాళాన్ని తలపించే నీటి తొట్టి.

ఇంజనీరింగ్‌కి మాత్రం దండం పెట్టాల్సిందే. ఒక్కోటి 117 అడుగులున్న మూడు ఉక్కు దూలాలే కప్పుని మోస్తాయి. వెయ్యిమంది పట్టే హాల్లో ఒక్క స్తంభం లేదు. కప్పు రెండు పొరలు: బయట తీగ వేసిన గాజు, లోపల ప్లాస్టిక్, మధ్యలో గాలి.

చిక్కూ అక్కడే. గాజూ లోహమూ ఎండకీ చలికీ ఒకే కొలతలో సాగవు. అతుకుల్లో సీలెంట్ చీలుతుంది, నీరు దిగుతుంది. బెత్ షాలోమ్ కప్పు కారడం అందరికీ తెలిసిన పాత కథ. "గొప్ప కట్టడాలు కారతాయిలే" అనేవాళ్లతోనే నా పేచీ. మందసంలో ఉండేది తోలు మీద చేత్తో రాసిన తోరా, 3,04,805 అక్షరాలు. తేమకి తోలు ముడుచుకుంటే సిరా పెళ్లలుగా లేస్తుంది. ఒక్క అక్షరం చెదిరినా, సోఫర్ అనే లేఖకుడు సరిచేసేదాకా ఆ చుట్టని సభలో చదవడానికి వీల్లేదు. కొత్త సినగాగ్ నమూనా ముందు పెడితే నేనైతే మొదట అడిగేది, మందసానికి పైన కప్పు అతుకు ఎక్కడ పడిందని.