గాజుపెట్టెలో కొలువైన నీటి కంప్యూటర్ గారికి

నల్లగొండ,
మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు.

మహారాజశ్రీ నీటి కంప్యూటర్ గారికి,

చిప్పుల వేడిని గొట్టాల్లో తిరిగే నీళ్లతో వదిలించుకునే తమరిని స్వహస్తాలతో నిర్మించి, ఆ పని పూర్తయిన రాత్రి నుంచే తమరికి నౌకరుగా మారిన వ్యక్తి సవినయంగా రాసుకుంటున్న విన్నపం. నిజానికి ఇది సోమవారం నాడు కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇవ్వదగిన దరఖాస్తే. కానీ కంప్యూటరు మీద ఫిర్యాదును విద్యుత్తు శాఖకు పంపాలో, మిషన్ భగీరథ వారికి పంపాలో అక్కడి గుమాస్తాకు తోచదు. తమరు ఉభయుల సొమ్మూ ఆరగిస్తున్నారు గనుక నేరుగా తమరికే సమర్పించుకుంటున్నాను.

మా ముందు గదిలో, అమ్మ మంచానికీ కిటికీకీ నడుమ, నిరుటి దాకా బియ్యం డ్రమ్ము ఉన్న చోట తమరు కొలువుదీరారు. రెండు వైపులా గాజు, లోపల క్షణానికో రంగు మార్చే దీపాలు, నెత్తి మీద మూడు ఫ్యాన్ల పొడవున 360 మిల్లీమీటర్ల రేడియేటరు, ప్రాసెసరు మీద ఒకటీ గ్రాఫిక్స్ కార్డు మీద ఒకటీ వేడిని నీళ్లకు ఎక్కించే రాగి వాటర్ బ్లాకులు, వాటికి నీళ్లు తోసే 12 వోల్టుల పంపు, ఆ పంపు మీద నిలబెట్టిన రిజర్వాయరు. తమరిని చూడవచ్చిన మా మేనమామ ఈ చివరి మాట విని, ఎంతో గౌరవంగా, "ఎన్ని టీఎంసీలు అల్లుడూ?" అని అడిగాడు. పావు లీటరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన బతుకంతా నాగార్జునసాగర్ నీటిమట్టం పేపర్లో చూసి పంట వేయాలా మానాలా అని తేల్చుకున్న మనిషి. రిజర్వాయరు అనే మాటను ఆయన ముందు తేలికగా వాడకూడదు.

తమరు అవతరించడానికి ఎంచుకున్న జిల్లా ఎటువంటిదో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నీళ్ల గోడు దేశానికి వినిపించాలని ఒక్క నల్లగొండ స్థానానికే 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయవలసి వచ్చింది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగరు మా జిల్లాలోనే ఉన్నా, దాని ఎడమ కాలువ జిల్లాలో ఒక అంచునే తడుపుకుంటూ పోయింది. మర్రిగూడ, చండూరు వైపు ఊళ్లకు దశాబ్దాల పాటు మిగిలింది బోరు నీళ్లూ, ఆ నీళ్లలోని ఫ్లోరైడూ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదని ప్రమాణం ఉన్న చోట, అంతకు కొన్ని రెట్లున్న నీళ్లు తాగి మనుషుల పళ్లు గారపట్టాయి, వెన్నెముకలు వంగాయి. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. అది ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది. ఊరి పేరు శాస్త్ర గ్రంథాలకు ఎక్కినందుకు సంతోషించాలో, ఏ కారణం చేత ఎక్కిందో తలచుకుని ఊరుకోవాలో మాకు ఈనాటికీ తెలియదు.

ఇటువంటి చోట తమరు దయచేసి ఏమన్నారు? నల్లా నీళ్లు వద్దన్నారు. మా ఇంట్లో ఫిల్టరు నీళ్లు తెస్తే, అందులో ఇంకా లవణాలు మిగిలి ఉంటాయి గనుక అవీ వద్దన్నారు. తమరి రాగి బ్లాకుల్లో వెంట్రుక మందాన కోసిన సన్నని చాళ్లు ఉంటాయట, వాటిలో పిసరంత సున్నం పేరుకున్నా తమరికి జ్వరం వస్తుందట. కాబట్టి ఆవిరి చేసి, మళ్లీ చల్లార్చి పట్టిన డిస్టిల్డ్ వాటరే కావాలి. అందులో నాచు పట్టకుండా ఒక మందు, లోహం తుప్పు పట్టకుండా ఇంకొక మందు చుక్కలు చుక్కలుగా కలపాలి. రాగి బ్లాకులున్న చోట చవక అని అల్యూమినియం రేడియేటరు తగిలిస్తే, ఆ రెండు లోహాలూ ఒకే నీటిలో బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియం కరిగిపోతుందని చదివి, చివరి క్షణంలో రాగి రేడియేటరుకు మారాను. ఆ తేడా డబ్బులతో అమ్మకు కళ్లద్దాలు వచ్చేవి. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. తమరూ చెప్పవద్దని మనవి.

గడియారం సెంటరు దగ్గర బ్యాటరీల దుకాణానికి వెళ్లి ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ అడిగితే, దుకాణదారు "ట్రాక్టరుకా, ఇన్వర్టరుకా సార్?" అన్నాడు. కంప్యూటరుకు అన్నాను. అతను క్యాను నా చేతిలో పెట్టి, మళ్లీ వెనక్కు తీసుకుని, అది యాసిడ్ క్యాను కాదని మరొకసారి వాసన చూసి ఇచ్చాడు. పాపం, నేను ఏదో అఘాయిత్యానికి సిద్ధపడ్డానని అనుకుని ఉంటాడు.

ఆ క్యాను ఇంటికి వచ్చిన సాయంత్రమే అమ్మ నన్ను అడిగింది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. నవ్వితే ముందరి పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడతాయి, అందుకే ఫొటోలలో ఎప్పుడూ నవ్వదు.

"గీ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటదా బిడ్డా?"

"అస్సలు ఉండదమ్మా. ఏదీ ఉండదు. ఒట్టి నీళ్లు."

"డబ్బకు పోసేటందుకు దొరుకుతున్నయి గద, మేం చిన్నగున్నప్పుడు గివి ఏడికి పోయినయో."

తమరు గాజు వెనుక నుంచి దీపాలు మార్చుకుంటూ ఉండిపోయారు. నేను కూడా స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నట్టు నటించాను.

ఫ్లోరినుకూ తమరి వంశానికీ పాత చుట్టరికమే ఉందని తర్వాత చదివాను. 1985లో వచ్చిన క్రే-2 అనే సూపర్ కంప్యూటరును ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ఏకంగా ముంచి చల్లబరిచారట. అది విద్యుత్తును ప్రవహించనివ్వని, ఫ్లోరిన్ పరమాణువులు నిండిన ద్రవం. అంటే తమరి తాతగారికి ఫ్లోరిన్ పన్నీటి స్నానం చేయించింది, మా తాతగారి మోకాళ్లలో మాత్రం రాయిలా గడ్డకట్టింది. జాతకాలు అనేవి మనుషులకే కాక మూలకాలకు కూడా ఉంటాయేమో.

ఇక తమరి గొట్టాల సంగతి. రబ్బరు గొట్టాలు మెత్తగా, చెప్పినట్టు వింటాయి. కానీ అందం చాలదని గట్టి ప్లాస్టిక్ గొట్టాలే కావాలనిపించారు. వాటిని వంచాలంటే లోపల సిలికాన్ తాడు దూర్చి, హీట్ గన్‌తో తిప్పుతూ తిప్పుతూ సమంగా వేడి చేసి, అవి కాస్త వేలాడే సమయం చూసి లంబకోణంలో వంచి, చల్లారేదాకా ఊపిరి బిగపట్టాలి. వేడి తక్కువైతే వంపు దగ్గర నొక్కుకుపోతుంది, ఎక్కువైతే లోపల అప్పడంలా బుడగలు లేస్తాయి. నాలుగు గొట్టాలు పారేశాను. నాలుగోది పారేసిన రాత్రి, వంగకూడని ఎముకలు నీళ్లకే వంగిపోయిన జిల్లాలో వంగవలసిన గొట్టం నిప్పు చూపినా వంగడం లేదేమిటని నాలో నేను అనుకున్నాను. పైకి అనలేదు. గోడ అవతల అమ్మ పడుకుని ఉంది.

నీళ్లు నింపిన తరువాతి 24 గంటలు నా జీవితంలో మరువరానివి. తమరిలోని విలువైన భాగాలకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిరిగేలా, పవర్ సప్లై తాలూకు పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగనూ ఒక నల్ల తీగనూ పేపర్ క్లిప్పుతో కలిపాను. ప్రతి జాయింటు కింద తెల్లని పేపర్ న్యాప్కిన్ పరిచాను. పురిటి గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాను. రాత్రి రెండున్నరకు గ్రాఫిక్స్ కార్డు కింది న్యాప్కిన్ మీద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. టార్చి వేసి చూస్తే ఫిట్టింగు అంచున ఒక చుక్క, పడాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది. పంపు ఆపి, నీళ్లన్నీ తోడి, ఫిట్టింగు విప్పితే లోపల ఉండవలసిన నల్లని రబ్బరు రింగు లేదు. అది మొదటి నుంచీ నా లుంగీ మడతలో ఉంది.

ఆ అలికిడికి అమ్మ లేచి వచ్చి, నేను నేల మీద బోర్లా పడుకుని ఒక్క చుక్క కోసం టార్చి వేసి చూస్తున్న దృశ్యాన్ని కాసేపు నిలబడి చూసింది. "దొడ్డిల నల్లా ఆర్నెల్ల సంది కారుతున్నది. దానికింద ఒక్కనాడన్న గిట్ల పన్నవా?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు తమరి మాన్యువల్‌లో వెతికాను, లేదు.

ఇంత ఆరాధన చేసి సంపాదించిన ఫలం ఏమిటో కూడా లెక్క తేల్చవలసి ఉంది. తమరిలో తిరిగే నీళ్లు చల్లబరచవు, వేడిని మోస్తాయి. చిప్పుల దగ్గర ఎత్తుకున్న వేడిని రేడియేటరు దాకా మోసుకుపోయి గదిలో దింపుతాయి, అంతే. గది వేడి ఎంత ఉందో అంతకన్నా ఒక్క డిగ్రీ కూడా కిందికి దిగడం వాటి తరం కాదు. బయట 44 డిగ్రీలు కాసే ఈ నెలలో, మధ్యాహ్నం పూట మా గదిలో 37 ఉంటే, తమరి నీళ్లు యాభైకి చేరువవుతాయి. చాయకు కొంచెం తక్కువ, స్నానానికి కొంచెం ఎక్కువ. పంపు తయారీదారులు సాధారణంగా 60 దాటనీయవద్దని రాస్తారు గనుక నేను ఆట ఆడుతూ తెర మీద ఒక మూల ఆ అంకెనే చూస్తూ ఉంటాను. ఆట చూసేదెప్పుడని అడగకండి.

అదే గదిలో మూలన ఇసుక మీద కూర్చున్న మట్టి రంజన్‌ను గమనించండి. దానికి పంపు లేదు, దీపాలు లేవు, గొట్టాలు లేవు, రెండు వందల రూపాయలు. అది ఒళ్లంతా చెమట పట్టి, ఆ చెమటను గాలికి ఇచ్చి, తనలోని నీళ్లను గది కన్నా చల్లగా ఉంచుతుంది. ఆవిరయ్యే ప్రతి చుక్కా కొంత వేడిని వెంట తీసుకుపోతుంది గనుక దానికది సాధ్యం. తమరు ఒక్క చుక్కనూ ఆవిరి కానివ్వకుండా బిగించుకు కూర్చున్నారు గనుక తమరికి అసాధ్యం. రంజన్‌ను కుమ్మరి చేశాడు, తమరిని నేను చేశాను. తేడా అక్కడ కూడా ఉండవచ్చు.

తమరు ఆట నడుస్తున్నంతసేపూ దాదాపు 500 వాట్లు మింగి, అంతా వేడిగా విడుస్తారు. ఎండాకాలపు మిట్టమధ్యాహ్నం ఇంట్లో చిన్న హీటరు వేసుకున్నట్టే. ఆ వేడికి అమ్మ తట్టుకోలేదు గనుక కిటికీలో ఉన్న కూలరు వేయవలసి వస్తుంది. లెక్క కట్టి చూశాను. గంటకు తమరు విడిచే వేడి 1,800 కిలోజౌళ్లు. ఒక లీటరు నీరు ఆవిరై తీసుకుపోగలిగేది సుమారు 2,400. అంటే తమరి ఒక్కరి వేడిని ఓదార్చడానికే కూలరు గడ్డి గంటకు ముప్పావు లీటరు నీళ్లు తాగాలి. లోపల ఒక్క లీటరుతో సంవత్సరమంతా సరిపెట్టుకుంటానని చెప్పుకునే తమరు, పొరుగు యంత్రం నోటితో నాలుగు గంటల ఆటకు మూడు లీటర్లు తాగుతున్నారు. ఆ నీళ్లను బిందెతో మోసి కూలర్లో పోసేది ఎవరో వేరే రాయనక్కరలేదు.

ఇంతకీ ఇంత హంగుతో నేను ఆడేది సేద్యం ఆట. అందులో నాకు ఎనభై ఎకరాలు ఉన్నాయి, బోరు ఎండదు, వాన చెప్పిన సమయానికి వస్తుంది. మొన్న ఆదివారం మేనమామ వెనుక నిలబడి కాసేపు చూసి, తెర మీద చినుకులు పడగానే తెలియకుండానే కిటికీ వైపు తిరిగి చూశాడు.

తమరిని ఏడాదికి ఒకసారి ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్లు పట్టాలి. నిన్న ఆ కార్యం చేశాను. నీళ్లు దింపడం మొదలుపెట్టగానే అమ్మ బకెట్టు తెచ్చి పెట్టింది. మా ఇంట్లో ఫిల్టరు వదిలే నీళ్లతో గిన్నెలు తోముతారు, బియ్యం కడుగు కుడితిలోకి పోతుంది, బట్టలు జాడించిన నీళ్లు వాకిట్లో చల్లుతారు. ఈ నీళ్లు తులసికోటలో పోయవచ్చా అని అడిగింది. నాచు చచ్చే మందు కలిసింది గనుక మొక్కకు పోయరాదని చెప్పాను. పోనీ వాకిట్లో? పిట్టలు తాగుతాయి, వద్దన్నాను. ఆమె బకెట్టు వైపు, నా వైపు, తమరి వైపు వరుసగా చూసింది. మూడు తరాల ఆడవాళ్లు మైళ్లు నడిచి తెచ్చుకున్నా దొరకనంత శుద్ధమైన నీటిని కొనుక్కొచ్చి, పిట్ట కూడా తాగరాని స్థితికి తేవడానికి నాకు సరిగ్గా పన్నెండు నెలలు పట్టింది.

కాబట్టి వచ్చే చలికాలం దాకా తమరు మౌనవ్రతం పాటించవలసిందని, ఈ లోపల బియ్యం డ్రమ్ముకు దాని పాత చోటు ఇప్పించవలసిందని ప్రార్థన.

ఇట్లు,
తమరి నీళ్లు మోసేవాడు.

తా.క. క్యానులో మిగిలిన మూడు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ తమరి కోసం దాచాను. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు తగ్గాయని అమ్మ అది తీసి పోసేసింది. రాత్రి ఎనిమిదికి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. తమరు ఉన్నపళాన ఆరిపోయారు. అమ్మ మంచం మీది ఫ్యాను మాత్రం పదకొండు దాకా తిరిగింది.