పొగబెట్టేవాడి వాదన

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలన్నారు. పెద్దల మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ మాట తప్పు. ఆరు నెలలుగా, మూడు వందల పైచిలుకు డాలర్లు పోసి, నిప్పంటుకోకుండా పొగ తెప్పిస్తున్నవాణ్ణి నేను. సామెతల పుస్తకాలు అచ్చువేసేవాళ్లు దయచేసి గమనించాలి.

డాలస్ దగ్గర ఉంటాం. శనివారం పొద్దున్న తోటి తెలుగువాళ్లు పిల్లల్ని కూచిపూడి క్లాసులకి దింపుతుంటే, నేను రెక్కలు విప్పితే ఏడడుగుల పైన ఉండే రిమోట్ విమానాన్ని వ్యానులో పెట్టుకుని ఊరి బయట మైదానానికి పోతాను. బరువు ఎనిమిది కిలోలు. ఇంజిన్ 50 సీసీ, పెట్రోలుది. 50 సీసీ అంటే లూనా బండి అంత అన్నమాట. ఆ రోజుల్లో అంతే ఇంజిన్ ఒక సంసారాన్నీ, ముందు బియ్యం బస్తానీ లాగేది. ఇప్పుడు మనుషులెవరూ లేని విమానాన్ని లాగుతోంది. మనం ఎదిగాం అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఈ ఇంజిన్ల వంశం చెట్లు కోసే రంపాలది, గడ్డి కోసే మిషన్లది. గొంతు కూడా వాటిదే. మా క్లబ్బులో సౌండ్ మీటరు పెట్టి కొలుస్తారు, ఎక్కువైతే ఇంటికి పొమ్మంటారు. పొమ్మనలేక పొగబెట్టే సంప్రదాయం మనది గానీ వాళ్లది కాదు, మొహాన్నే చెప్పేస్తారు. అందుకని ఇంజిన్‌తో పాటు వచ్చిన డబ్బా సైలెన్సర్ పీకేసి, మంచినీళ్ల సీసా అంత అల్యూమినియం గొట్టాన్ని విమానం పొట్టలో దాచాను. ఇంజిన్ నుంచి వచ్చే పైపుని ఈ గొట్టానికి గట్టిగా బిగించకూడదు. వణుకుడికి పైపు చీలిపోతుంది. మధ్యలో టెఫ్లాన్ తొడుగు వేసి, రెండు క్లాంపులు పెట్టాలి. గొట్టం చుట్టూ వేలు పట్టే సందు వదలాలి. ముక్కులోంచి దూరిన గాలి తోక వైపు పోవడానికి దారుండాలి. ఆ దారి గాలి దూరిన దారికి కనీసం రెండింతలుండాలి.

నేను మొదటిసారి ముందు పెద్ద కన్నం, వెనక చిన్న కన్నం కోశాను. దూరిన గాలి బయటికి పోలేక లోపలే కూర్చుంది. రెండో ఫ్లైటు అయ్యేసరికి పొట్ట కింద అంటించిన ఎర్ర ప్లాస్టిక్ షీటు నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది. లోపలి ప్లైవుడ్ చేత్తో ముట్టుకుంటే మసి అంటింది. ఇంటికొచ్చి కొలతలు వేసి, రెండు రాత్రులు కూర్చుని, వెనక దారి పెద్దది చేశాను.

మూడో రాత్రి మా ఆవిడ గ్యారేజీ గుమ్మంలో నిలబడి, “ఏమండీ, మన వంటింట్లో హుడ్‌కి బయటికి దారే లేదు, మీకు తెలుసా?” అంది. తెలుసు. ఈ ఇంట్లో ఆ హుడ్ పొగని పీల్చి, జాలీలోంచి మళ్లీ మన మొహం మీదికే వదులుతుంది. ఎండుమిర్చి వేసి పోపు పెడితే చాలు, హాల్లో స్మోక్ అలారం కేకలు మొదలుపెడుతుంది. నేను తువ్వాలు పుచ్చుకుని దానికి వింజామర వీస్తుంటాను. దీన్ని బాగుచేయించే విషయం పరిశీలనలో ఉంది. ఏడేళ్లుగా ఉంది. జాతీయ ప్రాధాన్యాలు కొన్ని ముందుంటాయి.

ఇక పొగ. ఇన్ని తిప్పలు పడి దాచిన ఎగ్జాస్టుని, మళ్లీ డబ్బు పెట్టి నలుగురికీ చూపించడమే స్మోక్ సిస్టమ్. ఒక చిన్న ట్యాంకు, అందులో మినరల్ ఆయిల్, అగ్గిపెట్టె అంత పంపు. ఆ పంపు నూనెని తీసుకెళ్లి ఎగ్జాస్టు పైపు బాగా కాలేచోట, అంటే ఇంజిన్‌కి దగ్గరగా, చిమ్ముతుంది. నూనె మండకూడదు. ఆవిరవ్వాలంతే. బయటికి రాగానే చల్లగాలికి ఆ ఆవిరి కంటికానని తుంపరలై తెల్లగా తేలుతుంది. న్యాయంగా దాన్ని నూనె మంచు అనాలి. కానీ నూనె మంచు అంటే ఎవడు కొంటాడు?

బ్రిటన్ వాయుసేన విన్యాసాల జట్టు రెడ్ ఆరోస్ చేసేదీ ఇదే, జెట్ ఎగ్జాస్టులోకి డీజిల్ లాంటి నూనె చిమ్ముతారు. 1922లో సిరిల్ టర్నర్ అనే పైలట్ న్యూయార్క్ ఆకాశం మీద పొగతో ‘హలో యూఎస్ఏ’ అని రాసి, కింద ఒక ఫోన్ నంబరు కూడా పెట్టాడు. ఆకాశంలో రాయడం అనే వ్యాపారానికి గిరాకీ కోసం. అంటే గాల్లో పొగ మొదటి నుంచీ పొగడ్త కోసమే వదిలారు. నన్నొక్కణ్ణీ అనడం అన్యాయం.

పొగకి పథ్యాలు చాలా ఉన్నాయి. ఇంజిన్ బాగా వేడెక్కాలి. త్రాటిల్ సగం దాటితే గానీ పంపు తిరగకుండా రిమోట్‌లో కట్టుబాటు పెట్టుకోవాలి, లేకపోతే నూనె పొగవ్వకుండా కారుతుంది. ట్యాంకు విమానం బరువుకి నడిమధ్యన ఉండాలి, ఎందుకంటే అరలీటరు నూనె నాలుగు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, బ్యాలెన్సు మారకూడదు. ట్యూబులో నూనె ఒకవైపే పోయేలా వాల్వు ఉండాలి. ఆ చివరిది నేను అనవసర ఖర్చనుకున్నాను. వ్యానులో రాత్రంతా ట్యాంకులో నూనె సైలెన్సర్‌లోకి జారి, మర్నాడు స్టార్ట్ చేయగానే, మా క్లబ్బు పెద్దాయన ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తర్వాత వాల్వు కొన్నాను.

అసలు పరీక్ష మా మామగారు. ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చారు. అక్కడ ఆయనది స్కూటర్ మెకానిక్ షాపు, నలభై ఏళ్లు, నా విమానం ఇంజిన్‌లాగే పెట్రోల్లో నూనె కలిపి నడిపే టూ-స్ట్రోక్ బళ్లే బాగుచేశారు. పొగ ఎక్కువైందని వచ్చిన ప్రతి చేతక్ సైలెన్సర్‌నీ ఊడదీసి, నిప్పుల్లో కాల్చి, మసి దులిపి పంపిన చెయ్యి ఆయనది. ఆయన్ని మైదానంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, విమానం లేపి, స్విచ్ వేశాను. వెనక తెల్లటి తోక సాగింది. వెనక్కి తిరిగి మెచ్చుకోలు కోసం చూశాను.

“పిస్టన్ రింగులు పోయినట్టున్నాయి అల్లుడుగారూ,” అన్నారు, జాలిగా.

పోలేదని, డబ్బిచ్చి పెట్టించుకున్నదని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “పెట్రోల్లో ఆయిలెంత కలుపుతున్నారు?” అన్నారు. లీటరుకి 30 మిల్లీలన్నాను. “మేం 20 కలిపేవాళ్లం. దానికే పెద్ద పొగ,” అన్నారు. విమానం దిగాక దగ్గరికెళ్లి, ఇంజిన్ ఆగకముందే చెవి రిక్కించారు. “గుడగుడలాడుతోంది. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. అదీ పొగకి కారణం.” చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశారు. అది తెనాలి నుంచి సూట్‌కేసులో వచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది. ప్రొపెల్లర్ ఆగేదాకా ఆయన్ని భుజాలు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆగాక కార్బురేటర్ హైస్పీడు స్క్రూని గోరంత బిగించారు. “ఇక రాదు చూడండి,” అన్నారు.

మళ్లీ లేపాను. గొంతు మారింది, సన్నగా, గట్టిగా. స్విచ్ వేశాను. ఆరు నెలల్లో ఎప్పుడూ రానంత చిక్కటి పొగ, పాలపొంగులా, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి కదలకుండా నిలబడింది. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. మామగారి మొహం మాడిపోయింది.

“తగ్గిద్దామని తిప్పితే పెరిగిందేంటి?”

పెట్రోలు పాలు తగ్గితే ఎగ్జాస్టు ఇంకా కాలుతుందని, కాలితే నూనె చుక్క మిగలకుండా ఆవిరవుతుందని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నారు. కారులో ఇంటిదాకా మాటలేదు.

ఆ రాత్రి గెస్ట్ రూములోంచి వీడియో కాల్ వినపడింది. అవతల తెనాలి షాపులో కుర్రాళ్లు. “పొగా? ఆఁ, అల్లుడు పెట్టాడు గానీ మరీ పల్చగా వచ్చేదిరా. ఇవాళ నేను స్క్రూ వేశాక చూడాలి!”