సంకేతమా, యంత్రమా: ఫార్న్‌బరో తొలి విమానాలపై వాదోపవాదం

తొలినాటి విమానాలను గుర్తించడానికి తయారీదారు పెట్టిన సంకేతాన్ని ప్రమాణంగా తీసుకోవచ్చునా అన్నది ఇద్దరు పరిశోధకుల మధ్య వాదం. ఉదాహరణగా తీసుకున్నది ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో సైన్యం కోసం ప్రభుత్వం నడిపిన కర్మాగారం. 1912లో దానికి రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ అన్న పేరు వచ్చింది.

సంకేతవాది: నూరేళ్లు దాటిన విమానం గురించి మనకు మిగిలేవి ఒక మసకబారిన ఫోటో, ఒకటి రెండు కాగితాలు. వాటిని కలిపే దారం సంకేతమే. తొలినాటి విమాన నిర్మాతల పేర్ల మొదటి అక్షరానికి 'ఎక్స్‌పెరిమెంటల్' (ప్రయోగాత్మకం) అన్న మాటలోని ఇ. చేర్చి, ప్రొపెల్లర్ ముందుండి లాగే విమానానికి బ్లేరియో పేరిట బి.ఇ. అనీ, వెనుక నుంచి తోసేదానికి ఫార్మన్ పేరిట ఎఫ్.ఇ. అనీ, ప్రధాన రెక్కలకు ముందు చిన్న రెక్క ఉన్నదానికి శాంటోస్ డ్యూమాంట్ పేరిట ఎస్.ఇ. అనీ పెట్టారు. ఫోటో దొరకకపోయినా ఆకృతి తెలుస్తుంది.

యంత్రవాది: ఆకృతి సరే, పుట్టుక మాటేమిటి? ఆ కర్మాగారానికి అప్పట్లో మరమ్మతు చేసే అధికారమే గాని కొత్త విమానాలు కట్టే అధికారం లేదు. అందుచేత వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ సైన్యానికి ఇచ్చిన వోయిజాన్ విమానం మరమ్మతుకు వచ్చినప్పుడు, దాని 60 అశ్వశక్తి వూల్స్‌లీ ఇంజన్‌నూ రేడియేటర్‌నూ మాత్రం ఉంచుకుని, కర్మాగారపు రూపకర్త, పైలట్ జెఫ్రీ డి హావిలాండ్ పూర్తిగా కొత్త విమానాన్ని రూపొందించి 1911 డిసెంబరులో ఎగరేశారు. అదే బి.ఇ.1. కాగితాల ప్రకారం అది వోయిజాన్ పునర్నిర్మాణమే.

సంకేతవాది: ఆ ఉదాహరణ నా పక్షానే నిలుస్తుంది. వోయిజాన్‌కు ప్రొపెల్లర్ వెనుక ఉండేది. పునర్నిర్మాణం అన్న మాటను నమ్మినవారు పొరబడతారు గాని, బి.ఇ. అన్న అక్షరాలను నమ్మినవారు పొరబడరు కదా!

యంత్రవాది: అయితే ఎఫ్.ఇ.2ను చూడండి. 1911లో ఒకటి ఉంది. 1913లో దానినే తిరిగి కట్టామని చెప్పారు గాని రూపకల్పన వేరు. 1914లో రూపొందిన ఎఫ్.ఇ.2ఎ ఈ రెంటికీ చెందదు. ఒకదాని కొలతలు మరొకదాని ఫోటో కిందికి చేరే ప్రమాదం ఇక్కడే ఉంది. ఇక ఎస్.ఇ. అక్షరాలకు అర్థమే మారిపోయి, స్కౌట్‌ను, అంటే నిఘా విమానాన్ని సూచించసాగాయి. ఎస్.ఇ.2కు రెక్కల ముందు చిన్న రెక్క లేదు, ప్రొపెల్లర్ ముక్కు మీదే ఉంది.

సంకేతవాది: సంకేతాన్ని దాని కాలంతో కలిపి చదవాలి, అది నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ ఎస్.ఇ.2 తొలుత బి.ఎస్.1 (బ్లేరియో స్కౌట్). 1913 మార్చిలో కూలిపోయి, తక్కువ శక్తి గల ఇంజన్‌తో, మార్చిన తోకతో తిరిగి లేచింది. పేరు మార్పు నమోదు కాకపోతే రెండు ఫోటోలు చూసి రెండు వేర్వేరు విమానాలని మీరే రాసేవారు.

యంత్రవాది: బహుశా రాసేవాణ్ణే. అయినా నన్ను ఎక్కువగా బాధించేది ఎస్.ఇ.1. దెబ్బతిన్న బ్లేరియో 12ను బాగుచేసినట్టు చూపి కట్టిన విమానం అది. మూలం ఒకే వరుస రెక్కలది, ఇది రెండు వరుసలది. 1911 ఆగస్టు 18న దానిని నడుపుతూ కర్మాగారపు సహాయ పర్యవేక్షకుడు లెఫ్టినెంట్ థియోడర్ రిడ్జ్ మరణించారు. మరమ్మతు కథనాన్ని నమ్మితే ఆ ప్రమాదం బ్లేరియో రూపకల్పన మీద పడుతుంది.

సంకేతవాది: అందుకే ఆ ప్రమాదాన్ని ఎస్.ఇ.1 పేరిటే నమోదు చేయమంటున్నాను.

యంత్రవాది: చేద్దాం. సంకేతం పక్కనే సంవత్సరం, ఇంజన్, ప్రొపెల్లర్ ఉన్న చోటు కూడా రాద్దాం. ఎఫ్.ఇ.2కు మాత్రం మూడు వేర్వేరు పుటలు తెరవాలి.