దుబ్బు విడదీస్తే చెట్టు చస్తుందంట! ఎవరు చెప్పినారు?

మన అనంతపురం మిద్దెతోటల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతా ఉంది. పూల దుబ్బులు ఎంత ఒత్తుగా ఉంటే అన్ని పూలంట, విడదీస్తే చచ్చిపోతాయంట, పూత తగ్గితే డీఏపీ వెయ్యాలంట, పైగా మన ఎండలకి ఒత్తుగా ఉంటేనే నీళ్లు ఆదా అంట.

మొదట ఒత్తు సంగతి. నేల సంపంగి మూడేళ్లుగా కదిలించకుండా ఉంటే ఒకసారి తవ్వి చూడండి, పెద్ద గడ్డ చుట్టూ పిల్లగడ్డలు ఒకదాన్నొకటి నొక్కుకోని వెల్లుల్లిపాయ మాదిరి ఉంటాయి, ఆ చిన్నవి ఆకు వేస్తాయే గానీ పూకాడ వెయ్యవు. అందుకే పండించే రైతులు రెండు మూడేళ్లకోసారి తవ్వేసి, లావు గడ్డలు ఏరి, జానెడు ఎడంతో మళ్లీ నాటుకుంటారు. చిన్నవాటిని వేరే మడిలో పెంచుకోవచ్చు, పారెయ్యాల్సిన పనిలేదు.

ఇక డీఏపీ. అందులో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి సరే, ఒత్తుకుపోయిన దుబ్బుకి కావాల్సిన చోటు అందులో ఎంత శాతం ఉందో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాల.

చచ్చిపోతాయా? దుబ్బులోంచి తీసిన ముక్కకి వేరు, మొగ్గ రెండూ ఉంటే బతుకుతుంది. మెట్టతామర దుంపకి రెండు మూడు కళ్లు ఉంచి కోస్తే చాలు. చామంతి పూలైపోయినాక కాడలు కోసేస్తే మొదట్లోంచి పిలకలు లేస్తాయి, వాటిని వేర్లతో సహా తీసి పెట్టుకోవాల, నడిమధ్య కట్టెబారిన ముసలి మొదలు మాత్రం వద్దు. అసలు చంపేది విడదీయడం కాదు సామీ, మే నెల మిట్టమధ్యాహ్నం తవ్వడం! తొలకరి పడినాక సాయంత్రం పూట తవ్వి, ఆకు సగానికి కత్తిరించి, నాటినాక వారం పాటు నీడ పట్టున ఉంచండి. కలబంద పిలకలైతే కోసిన చోట ఆరినాకే నాటండి, తడి మీద పెడితే కుళ్లిపోతాయి.

నీళ్ల మాటలో సగం నిజం ఉంది, ఆకు నేలను కప్పితే మట్టి తొందరగా ఆరదు. కానీ అన్ని ఆకులూ నీళ్లు తాగేవే కదా, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే ఊర్లో ఒక్క పాదిలో అన్ని వేర్లు కొట్లాడుకుంటే ఎట్లా? నేల కప్పాలంటే ఎండుగడ్డో, వేరుశనగ పొట్టో పరచండి. పైగా గాలాడని దుబ్బులో పిండినల్లి చేరితే మందు కొట్టినా లోపలికి పోదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. మల్లె, గులాబీ, కాగితం పూలచెట్టు లాంటివాటికి ఒకే మొదలు ఉంటుంది, వాటిని నిలువునా చీలిస్తే నిజంగానే పోతాయి, కొమ్మలు గానీ అంట్లు గానీ పెట్టుకోండి.