ఒక దెబ్బకు ఒకే పిట్ట

తెర మీద తుపాకీ పట్టడానికి మనకో సంప్రదాయం ఉంది. హీరో ఎటో చూస్తూ పేలుస్తాడు, ఇంకెటో ఉన్న జీపు గాల్లోకి లేస్తుంది. తూటాలు లెక్కపెట్టడం అమర్యాద. ఇంత చక్కటి ఏర్పాటుకి ద్రోహం తలపెట్టిన హాలీవుడ్ నటుడు రాబర్ట్ స్టాక్ గారి మీద ఆలస్యంగానైనా ఈ ఫిర్యాదు దాఖలు చేస్తున్నాను. నేరం ఏమిటంటే, నటుడు కాకముందే ఆయనకు నిజంగా గురి కుదిరింది.

అదీ పదహారేళ్లకే! అద్దం ముందు క్రాపు దువ్వుకోవాల్సిన వయసులో ఈ లాస్ ఏంజెలెస్ కుర్రాడు అఖిల అమెరికా స్కీట్ జట్టులోకి ఎక్కాడు. తర్వాత జాతీయ చాంపియన్ అయ్యాడు, రెండు ప్రపంచ రికార్డులు కూడా పెట్టాడు.

స్కీట్ అంటే షాట్‌గన్‌తో ఆడే ఆట. అర్ధచంద్రాకారంలో ఏడు చోట్ల, మధ్యలో ఎనిమిదో చోట నిలబడాలి. రెండు కొసల్లో రెండు గూళ్లు, ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. వాటిలోంచి మట్టిపిట్టలు, అంటే గురి చూసి పగలగొట్టే బిళ్లలు, రివ్వున దూసుకొస్తాయి. రౌండుకి 25 పిట్టలు, 25 తూటాలు. ఒక్కటి అదనంగా ఇవ్వరు, ఎవరి అబ్బాయైనా సరే.

1920 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో ఈ ఆట పుట్టినప్పుడు గడియారం అంకెల మీద నడిచినట్టు గుండ్రంగా తిరుగుతూ కాల్చేవారట. ఇంతలో పక్కనే కోళ్ల ఫారం వెలిసింది. సీసపు గుళ్లు వాటి మీద పడతాయని వృత్తాన్ని సగానికి కోసేశారు. ఒక క్రీడ నిబంధనలను ఇంతగా మార్చిన కోళ్లు చరిత్రలో ఇంకెక్కడా లేవనుకుంటా. అయినా 1971లో స్కీట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది స్టాక్ గారికే.

ఇంకో దారుణం. ఈ ఆటలో కొన్నిచోట్ల రెండు పిట్టలు ఒకేసారి ఎదురెదురుగా వస్తాయి. పొరపాటున ఒకే తూటాకి రెండూ పగిలాయా, అది లెక్కలోకి రాదు, మళ్లీ కాల్చాల్సిందే! మన సామెతను ఇంత బాహాటంగా రద్దు చేసిన ఆటలో ఆరితేరినవాడు హీరోగా ఎలా పనికొస్తాడు?

స్టూడియో వాళ్లకీ ఇదే అనుమానం వచ్చినట్టుంది. 1939లో తొలి సినిమాలో ఆయనకు అప్పగించిన ఘనకార్యం అప్పటి తార డియానా డర్బిన్‌కు తెర మీద మొదటి ముద్దు పెట్టడం. పత్రికలు దాని గురించి కాలమ్‌లకు కాలమ్‌లు రాశాయి. పగలగొట్టిన పిట్టలన్నీ కలిపినా అంత పేరు రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక మాత్రం నౌకాదళం ఆయన్ని తుపాకీ శిక్షణ ఇవ్వడానికే పెట్టుకుంది. వాళ్లకు సినిమా తెలియదు పాపం.

చివరికి 1959లో టీవీలో ఎలియట్ నెస్ వేషం దొరికింది. చికాగో ముఠా నాయకుడు అల్ కపోన్‌ను వెంటాడిన అధికారి. నిజానికి 1931లో కపోన్‌కు శిక్ష పడింది ఆదాయపు పన్ను ఎగవేత కేసులో, అంటే గుమాస్తాలు చిట్టా తిరగేయడం వల్ల. సరే, టీవీలో చిట్టా తిరగేస్తే ఎవరు చూస్తారు? కాబట్టి తుపాకులే మోగాయి. అక్కడ విలన్లు మనిషంత మనుషులు, నేల మీద పరిగెత్తేవాళ్లు. గాల్లో ఎగిరే నాలుగంగుళాల బిళ్లను పగలగొట్టినవాడు కథ సాగడం కోసం వాళ్లను తప్పిపోనివ్వాలి. 1960లో ఆయనకు ఉత్తమ నటుడిగా ఎమ్మీ ఇచ్చారు. ఆ నటనకే ఇచ్చి ఉంటారు.