'ఎందుకొచ్చిన గొడవ' గారికి బహిరంగ లేఖ

విజయనగరం,
నాటిక వేసిన మూడో రోజు.

అయ్యా ఎందుకొచ్చిన గొడవ గారూ,

నమస్కారం. నన్ను పరిచయం చేసుకోవాల్సిన పని లేదు, రోజూ కలుసుకునేవాళ్ళమే. పొద్దున్న పేపరు చదివి ఏదో అనబోతే నాకంటే ముందు మీరే అందుకుంటారు. వాట్సాప్ గ్రూపులో నాలుగు లైన్లు టైపు చేయించి, మూడు చెరిపించి, మిగిలిన ఆ ఒక్కటీ తీసేయించి దండం బొమ్మ పెట్టించేది మీరే. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ మీ పేరు తలచినన్నిసార్లు పైడితల్లమ్మను కూడా తలవదు.

ఇన్నేళ్ళ పరిచయంలో మీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఇప్పుడు రాయాల్సి రావడానికి కారణం ఒక కండువా.

మాది చిన్న నాటక సమాజం. పేరు చెప్పను, చెబితే మీరే వచ్చి కొట్టేయిస్తారు. మొత్తం పదకొండు మందిమి. రిటైరయిన గుమాస్తాలు, ఇద్దరు టీచర్లు, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఫొటో స్టూడియో కుర్రాడు, ఇలాంటివాళ్ళం. ఏడాదికి ఒక నాటిక వేస్తాం, మిగతా పదకొండు నెలలూ దాని గురించి దెబ్బలాడుకుంటాం. ఈసారి రాయడం నా వంతు. కథ పెద్దదేం కాదు. ఊరి పక్కన చెరువుంటుంది. కొన్నాళ్ళకి గట్టు దాటి లోపల హద్దురాళ్ళు పాతుతారు. ఇంకొన్నాళ్ళకి చెరువుండదు, ప్లాట్లుంటాయి. వానొస్తే ప్లాట్లుండవు, చెరువుంటుంది. అంతే.

మొదటి రోజు చదువుతుంటే అందరూ తలలూపారు. రెండో రోజు మీరొచ్చారు.

ముందు విలన్ పేరు దగ్గర పట్టుకున్నారు. "పేరు పెడితే కులం తెలిసిపోద్ది మాస్టారూ" అన్నాడు ఏజెంటు. సరేనని మార్చాను. మార్చిన పేరు ఖజానాదారు గారి వియ్యంకుడిది. మళ్ళీ మార్చాను. అది వార్డులో ఒకాయనది. నాలుగో పేరు దగ్గర నాకు నీరసం వచ్చి, 'ఆయన' అని రాసేశాను. పేరు లేదు, ఊరు లేదు. ఉత్తినే 'ఆయన'. ఇంటాయన పేరు చెప్పని పాతకాలపు ఇల్లాలిలా తయారైంది నా నాటిక.

తర్వాత కండువా. చెరువు మింగిన మోతుబరి భుజం మీద ఏదో ఒకటి ఉండాలి కదా. పసుపు వద్దన్నారు, ఎందుకో అందరికీ తెలుసు. నీలం వద్దన్నారు, అదీ తెలుసు. ఎరుపు అంటే రెండు రకాల వాళ్ళు తగాదాకి వస్తారు. కాషాయం అనగానే ఖజానాదారు గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. ఆకుపచ్చ వద్దన్నారు. మూడు రంగులుంటే జెండా అవుతుంది. నలుపు వేస్తే నిరసన. పోనీ తెల్లది అంటే, "వాళ్ళందరూ వేసుకునేది అదే కదండీ" అని ఒక టీచరు. ముప్పావుగంట సేపు ఇంద్రధనుస్సు మొత్తం ఒక్కో రంగూ రాల్చుకుంటూ పోయాం. ఆఖరికి మేకప్ చూసే బాబాయి తన గళ్ళ తుండు తీసి బల్ల మీద పడేసి, "ఇది ఏ పార్టీదీ కాదు నాయనా, నాది" అన్నాడు. దాన్ని ఖాయం చేశాం. ఆ తుండు భుజాన వేసుకుని మా మోతుబరి వస్తుంటే, చెరువు కబ్జా చేయడానికి కాదు, అందులో స్నానానికి వస్తున్నట్టుండేవాడు.

యాస కూడా పోయింది. నేను ముసలమ్మ పాత్రని మన మాటల్లోనే రాశాను. "సినిమాల్లో మన యాస పెట్టి నవ్వుతున్నారని మనమే ఏడుస్తాం, మళ్ళీ మనమే పెడితే ఎలా?" అన్నారు. సినిమావాళ్ళు మన యాసని తప్పుడు నోట్లో పెడుతున్నారు నిజమే. దానికి మందు, మనం సరైన నోట్లో పెట్టడమా, అసలు నోరే మూసుకోవడమా? వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట ఎంతో దూరం లేదు, పక్క శ్రీకాకుళం జిల్లాయే. ఆ మాటే అన్నాను. "అవునవును" అని అందరూ గౌరవంగా తలలూపి, యాస కొట్టేశారు.

చివరికి చెరువు మీద పడ్డారు. చెరువు పేరు మొదటే తీసేశాను. అయినా 'చెరువు' అనగానే జనానికి ఆ చెరువే గుర్తొస్తుందట. అందుకని ఆ మాట ఉన్న ప్రతిచోటా 'నీటి వనరు' అని రాయించారు. గట్టు మీద కూలబడి గుండెలు బాదుకునే ముసలమ్మ డైలాగు, "ఓలమ్మో, మన చెరువు పోనాదే" అని నేను రాసింది, "అయ్యో, మన నీటి వనరు పోయిందే" అయింది. ఆ వేషం వేసే టీచరమ్మకి రిహార్సల్‌లో ఏడుపు రాలేదు. ఎలా వస్తుంది? జిల్లా ప్రణాళిక చదువుతున్నట్టుంది.

గొడవగారూ, మీ పూర్వీకుల గురించి కొంచెం చదివాను. కోప్పడకండి, ఇది గౌరవంతోనే. వేల్స్ యువరాజు కలకత్తా వచ్చినప్పుడు ఒక వకీలు గారు ఆయన్ని ఇంటికి పిలిచి ఆడవాళ్ళ చేత మర్యాదలు చేయించాడు. దాని మీద అక్కడి నాటకాలవాళ్ళు ప్రహసనం కట్టి ఆడేశారు. దొరలకి మండి, 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. ప్రభుత్వం మీద అసంతృప్తి పుట్టించినా, ఎవరి పరువైనా తీసినా, చూసేవాళ్ళని చెడగొట్టినా నాటకం ఆపేయొచ్చు. కాదని ఆడితే 3 నెలల వరకూ జైలు. లైసెన్సు పెట్టిన ప్రాంతాల్లో అయితే ప్రదర్శనకి 3 రోజుల ముందు స్క్రిప్టు ఇచ్చుకోవాలి. కానీ అంత కఠినమైన చట్టంలోనూ చివర్లో ఒక దయగల సెక్షను పెట్టారు. పండగల్లో జరిగే జాతర ప్రదర్శనలకి ఇది వర్తించదని! తెల్లవాడు జాతరని వదిలేశాడు. మీరు మా వీధిలో చవితి పందిట్లో పిల్లలు వేసే ఏకపాత్రని కూడా వదల్లేదు.

ఆ చట్టం 140 ఏళ్ళు దాటాక, 2018లో రద్దయింది. దానికి ఒక గుమాస్తా కావాలి, నోటీసు కావాలి, ఒక పోలీసు కావాలి, కొట్లాడదామంటే ఒక కోర్టు కావాలి. మీకు ఇవేవీ అక్కర్లేదు. జీతం లేదు, ఆఫీసు లేదు, సంతకం లేదు. సంతకం లేదు కాబట్టి మీ మీద అప్పీలూ లేదు.

ఆ చట్టం బతికున్న రోజుల్లోనే, 1892లో, ఈ ఊళ్ళోనే గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. రాసినాయన ఇక్కడివాడు, తిట్టిపోసింది ఇక్కడి అగ్రహారాల్ని, అచ్చువేసి అంకితమిచ్చింది ఇక్కడి మహారాజా ఆనంద గజపతికి. ఆ రాత ఇవాళ మా కమిటీ ముందుకొస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. గిరీశం వద్దు, ట్యూషన్ మాస్టర్ల మనోభావాలు. అతను చుట్ట ముట్టించగానే కింద 'పొగతాగడం హానికరం' అని బోర్డు పట్టుకుని ఒకడు నిలబడాలి. అగ్నిహోత్రావధాన్లు అసలే వద్దు. హెడ్డు కానిస్టేబులు వద్దే వద్దు, మనకి మైకు పర్మిషన్ ఇచ్చేది స్టేషన్లోనే. మధురవాణి పేరెత్తితే సగం మంది వద్దని, మిగతా సగం 'వేషం ఎవరు వేస్తున్నార'ని అడుగుతారు. తెర ఎత్తేవాడూ దించేవాడూ మిగులుతారు. వాళ్ళిద్దరూ కూడా ఎటువైపు నుంచి లాగాలన్న దాని మీద ఒక ఉపసంఘం.

నిజానికి మీ ఒక్కరినే అంటే అన్యాయమే. పై నుంచి వచ్చే దెబ్బలు వేరే ఉన్నాయి. 2022 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేశారు. వాళ్ళ బాధ ఉత్తుత్తిది కాదు. కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిందానికీ, రాత్రి రెండు దాటాక కొన్ని ఊళ్ళలో ఆడేదానికీ పొంతన లేదు, ఈలల కోసం బూతు కలిపేశారు. ఆ కలిపినదాన్ని తీసేయమంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి. కానీ తలలో పేలున్నాయని గుండు చేయించాల్సింది పోయి తలే తీసేశారు. హార్మోనియం పెట్టె మోసుకుని ఆ ఒక్క నాటకం మీద ఊరూరూ తిరిగి ఇల్లు గడుపుకునేవాళ్ళు మన వైపూ ఉన్నారు.

అయితే ఆ నిషేధం ఒక్క నాటకానికి. మర్నాటి నుంచి మీరు మొదలెట్టింది మిగతా అన్నిటికీ. మా ఖజానాదారు గారు ఆనాటి నుంచి ఏ స్క్రిప్టు వచ్చినా ముందు పాత్రల పట్టిక తీసి, ఇంటి పేర్ల మీద వేలు పెట్టి లెక్క చూస్తారు. కథ చదవరు.

ఈ చదవకపోవడమే నాకు కష్టంగా ఉంది. గరిమెళ్ళ సత్యనారాయణ గారు శ్రీకాకుళం జిల్లా మనిషి, నరసన్నపేట వైపు. 'మాకొద్దీ తెల్లదొరతనము' పాడినందుకు 1922లో ఏడాది జైలు వేశారు. జైలుకి పంపేముందు కలెక్టరు దొర ఆయన్ని పిలిపించి పాట పాడించుకున్నాడని, భాష రాకపోయినా ఆ ఊపుకే అదిరాడని పెద్దలు చెప్పుకుంటారు. దొర జైల్లో పెట్టాడు, నిజమే. కానీ పాట విన్నాడయ్యా! తెలుగు వచ్చిన మా కమిటీ నా స్క్రిప్టు ఆరో పేజీ దాటలేదు.

మా టీచరు ఒకాయన రాజ్యాంగం పుస్తకం కూడా తెచ్చాడు. 19వ అధికరణం రెండో క్లాజులో మాట మీద ఏయే కారణాలకి హద్దు పెట్టొచ్చో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. దేశ సార్వభౌమత్వం, భద్రత, పరదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం. ఎనిమిది. మీ పేరు అందులో ఎక్కడా లేదు. ఎవరో గొడవ చేస్తామని బెదిరించారని భావ ప్రకటనని అణచకూడదని సుప్రీంకోర్టు 1989లోనే ఒక సినిమా కేసులో చెప్పిందని కూడా అన్నాడు. ఖజానాదారు గారు అంతా విని, "బాబూ, కోర్టు ఢిల్లీలో ఉంది. హాలు మనూళ్ళో ఉంది. హాలు అద్దె నేను కడతన్నాను" అన్నారు. దానికి జవాబు ఆ పుస్తకంలో దొరకలేదు.

సరే, నాటిక రోజు.

హాలు ముప్పాతిక నిండింది. మొదటి వరసలో ముఖ్య అతిథి, ఆయన వెనక ఆయన మనుషులు, ఆ వెనక మామూలు జనం. తెర లేచింది. 'ఆయన' గళ్ళ తుండుతో వచ్చాడు. జనం పట్టించుకోలేదు. 'ఒకానొక ఊరు' అన్నాం, పట్టించుకోలేదు. మీరు గ్రీన్‌రూమ్ గుమ్మంలో చేతులు కట్టుకుని తృప్తిగా నిలబడి ఉంటారు, చూడకపోయినా తెలుసు. ముసలమ్మ గట్టు మీద కూలబడింది. "అయ్యో, మన నీటి వనరు పోయిందే..."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు మధ్య వరసల్లోంచి ఒక పెద్దావిడ, ఒళ్ళో మనవరాలిని పెట్టుకుని కూర్చున్నావిడ, పక్కనామెని అడిగింది. మెల్లిగా అడుగుదామనే అనుకుని ఉంటుంది పాపం, కానీ హాలంతా వినబడింది.

"నీటి వనరేటే? మన... చెరువే గదేటి?"

చెరువు పేరు చెప్పేసింది. ఇక్కడ రాయడం లేదు, ఎందుకో మీకు చెప్పాలా? వెనక నుంచి ఇంకెవరో "ఆ, అదే! ఆయన కూడా..." అంటూ 'ఆయన' పేరు చెప్పాడు. నేను నాలుగుసార్లు మార్చిన పేర్లలో అది లేదు. హాలు గొల్లుమంది. స్టేజీ మీద టీచరమ్మకి అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. స్క్రిప్టు మరిచిపోయి, "పోనాదమ్మా, పోనాది మన చెరువు" అని యాసలో అందుకుంది. చప్పట్లు ఆగలేదు. మొదటి వరసలో ముఖ్య అతిథి కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఏ రంగు కండువానో రాయను.

నిన్న కమిటీ మీటింగు జరిగింది. నాటిక బాగా పండిందన్నందుకు ఎవరూ సంతోషించినట్టు కనబడలేదు. ఏజెంటు రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఆ తర్వాత మీరు మాట్లాడారు. తీర్మానం రాసే పని నాకే అప్పజెప్పారు కాబట్టి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: వచ్చే ఏడాది నుంచి ప్రేక్షకులు హాల్లో ఏమేం అనదలచుకున్నారో ప్రదర్శనకి 3 రోజుల ముందు రాతపూర్వకంగా కమిటీకి ఇవ్వాలి.

ఆ పెద్దావిడ ఇల్లెక్కడో కనుక్కునే పని కూడా నామీదే పడింది.

ఇట్లు,
తమ విధేయుడు
(పేరు కమిటీ పరిశీలనలో ఉన్నది)